కళాయి పోయిన గుండిగ

రాగికి పర్యాయపదాలు చెప్పమని నన్ను నిద్రలో లేపి అడిగినా తడుముకోను. తామ్రం, శుల్బం, ఉదుంబరం. తగరానికి త్రపువు, వంగం, రంగం. ఇత్తడికి రీతి, ఆరకూటం. సీసానికి నాగం. ఎనిమిదో ఏట మా తాతగారి ఎదుట కూర్చుని వల్లించినవి డెబ్బయ్యారో ఏట, కోకాపేటలో ముప్పయ్యో అంతస్తు బాల్కనీలో కూర్చున్నప్పుడు కూడా చెక్కు చెదరలేదు. ప్రగల్భం కోసం చెప్పడం లేదు. నా ధారణ ఎంతటిదో ముందుగా తెలియకపోతే, ఆ నోటితోనే నిండు సభలో నేనన్న మూడు మాటలు ఎంత నీచమైనవో చదువరులకు బోధపడదు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నన్ను ఎవరూ పలకరించేవారు కారు. మా అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే హైటెక్ సిటీ ఆఫీసులకు వెళ్ళిపోయేవారు. ఒకనాటి సాయంకాలం క్లబ్ హౌసులో నలుగురు కుర్రవాళ్ళు రాగి చెంబుల గొప్పతనం గురించి మాట్లాడుకుంటుంటే నేను కలుగజేసుకున్నాను. ఇనుము కాని లోహాల సంగతంతా ఒక గంటసేపు చెప్పాను. ఈ భవనం గోడలలో కరెంటు పారుతున్నది రాగి తీగల వెంటనేనని, కిటికీ చట్రాలు తేలికగా ఉండి తుప్పు పట్టకపోవడానికి అవి అల్యూమినియం కావడమే కారణమని, రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే గంటలా మోగే కంచు అవుతాయని చెప్పాను. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. మర్నాటి నుంచి నేను ఆ టవరుకు 'గురువుగారు' అయ్యాను. లిఫ్టులో అపరిచితులు సైతం నమస్కరించేవారు. ఆ నమస్కారాలకు నేను ఎంతగా అలవాటుపడ్డానో అప్పుడు తెలియలేదు.

ఉగాది వచ్చింది. పంచాంగ శ్రవణం నన్నే చేయమన్నారు. పచ్చడి స్టీలు డబ్బాలో కలుపుతామంటే నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో నాలుగు తరాల ఇత్తడి గుండిగ ఉంది. నా భార్య గతించాక నేను వెంట తెచ్చుకున్న ఏకైక పాత్ర అది. ఏళ్ళ తరబడి అటక మీద గోనెసంచిలో ఉంది. దానిని కిందికి దింపించి, తోమించే పని మా టవరులో హౌస్ కీపింగు చేసే ఒకావిడకు అప్పగించాను. నలభై ఏళ్ళ మనిషి. పాలమూరు వైపునుంచి వచ్చి శేరిలింగంపల్లిలో ఎక్కడో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటుంది.

పండుగ ముందురోజు మధ్యాహ్నం క్లబ్ హౌసు వెనుక కుళాయి దగ్గర ఆమె చింతపండుతో గుండిగను తోముతుంటే నేను కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. వెలుపల బంగారంలా తేలింది. లోపల మాత్రం సగం మేర పసుపు వన్నె, మిగిలిన సగం బూడిద రంగు మరకలు.

"ఆ మురికి కూడా పోవాలమ్మా. ఇటుక పొడి వేసి గట్టిగా రుద్దు," అన్నాను.

ఆమె చేయి ఆపింది. "ఇది మురికి గాదు తాతా. కళాయి. ఉన్నదే జరంత. ఇది గూడ పోతే లోపల ఉత్త ఇత్తడే మిగుల్తది."

"ఇత్తడి గుండిగలో ఇత్తడి మిగలక ఇంకేం మిగులుతుంది?"

ఆమె నవ్వింది. "మా నాయిన కళాయి పెట్టేటోడు తాతా. తిత్తి ఊదుకుంట ఊరూరు తిరుగుతుండె. గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం కడ్డీ రాకి, దూది తోని లోపలంత తుడిస్తే ఎండి లెక్క మెరుస్తుండె. గట్ల పెట్టిస్తెనే పులుపు ఆగుతది. లేకుంటె చిలుం దిగుతది. రేపు పచ్చడి దీంట్ల పెట్టకుండ్రి."

ఇక్కడ నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. తగరాన్ని త్రపువంటారనీ, దాని శుద్ధి ఏడు విధాలనీ, ఇత్తడి పవిత్ర లోహమనీ ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను. నాలుగు తరాలుగా మా ఇంట ఈ గుండిగలోనే పులిహోర కలుస్తున్నదన్నాను.

"అప్పుడు కళాయి ఉండె గద తాతా," అన్నదామె.

"నీకు తెలియదు. రుద్దు."

రుద్దింది. అరగంటలో లోపలంతా పచ్చగా మిసమిసలాడింది. ఆ బూడిద వన్నె మాయమవుతుంటే నేను సంతోషించాను. నా భార్య బతికి ఉన్నంతకాలం ఏటా దసరాకు ముందు కళాయివాడిని పిలిపించేది. వాకిట్లో తిత్తి చప్పుడూ పొగా నా పారాయణకు అడ్డమని నేను లోపలికి పోయి తలుపు వేసుకునేవాణ్ణి. ఆ పొగలో ఏం జరిగేదో ఒక్కసారైనా చూడలేదు. మేము తిన్న ప్రతి పులుసుకూ ఇత్తడికీ నడుమ కాగితమంత పలుచని తగరపు పొర ఉండేదని, దాన్ని ఏటా ఆవిడ కాపాడేదని ఎన్నడూ ఎరగను.

ఉగాది తెల్లవారుజామునే పచ్చడి కలిపారు. కొత్త చింతపండు, బెల్లం, మామిడి ముక్కలు, ఉప్పు, వేపపువ్వు. పంచాంగ శ్రవణం ముగిసేదాకా ఎవరూ ముట్టరాదన్నది నా నియమమే. శ్రవణం గంటలో ముగించవలసినది, శ్రోతలు ఉత్సాహంగా ఉన్నారని సుమారు మూడు గంటలు సాగదీశాను. అంతసేపూ చింతపులుపు ఆ గుండిగలో నానుతూనే ఉంది. చివరకు చిన్న గ్లాసులలో పంచారు. పిల్లలు ముఖాలు వికారంగా పెట్టారు. వేపపువ్వు చేదుకేనని అందరం నవ్వాం. నేను కూడా తాగాను. నాలుక చివర రాగి కాసు పెట్టినట్టు అనిపించింది. ఆ రుచిని నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టి, గ్లాసు పక్కన పెట్టి, మాట్లాడకుండా కూర్చున్నాను.

గంట తిరక్కముందే వాంతులు మొదలయ్యాయి. ఇద్దరు పిల్లలనూ ఒక వృద్ధురాలినీ ఆసుపత్రికి తీసుకుపోయారు. సాయంత్రానికి ముగ్గురూ క్షేమంగా ఇల్లు చేరారు. ప్రమాదం లేదన్నారు. అంతటితో గడిచిపోతుందనుకున్నాను.

మర్నాడు ఉదయం క్లబ్ హౌసులో సమావేశం పెట్టారు. అసోసియేషను సెక్రటరీ మా గోదావరి వైపు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమెను మధ్యలో నిలబెట్టారు.

"గురువుగారూ, గుండిగ తోమింది ఈవిడేనండి," అన్నాడు సెక్రటరీ. "నిన్న పొద్దున్న బాత్రూం యాసిడ్ డబ్బా పట్టుకుని ఆ కుళాయి దగ్గర కనబడిందంటండి. దాంతోనే కడిగేసి ఉంటుంది."

"యాసిడ్ తోని బాత్రూములు కడిగిన సారూ. గిన్నె ముందురోజే తోమిన, చింతపండు తోని," అన్నదామె. భయం లేదు ఆ గొంతులో. "గిన్నెల కళాయి లేదని, పచ్చడి పెట్టొద్దని తాతకు చెప్పిన. తాతనే అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. పిల్లల తల్లులు ముందు వరుసలో ఉన్నారు. ఆమె నిశ్చింతగా నా వైపు చూసింది, సాక్షి దొరికిన మనిషిలాగా. నాకు వచ్చిన నమస్కారాలన్నీ ఆ క్షణంలో కళ్ళ ముందు కదిలాయని చెబితే అది తరువాత కల్పించుకున్న సాకే అవుతుంది. నేనేమీ ఆలోచించలేదు. ఉత్తరీయం సర్దుకున్నాను.

"నాకు జ్ఞాపకం లేదు," అన్నాను.

ఆమె మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అయిదోనాడు మా అమ్మాయి గుండిగను గోనెసంచిలో పెట్టబోతూ లోపలికి తొంగి చూసి, దానిని ఎత్తి నా ముందు పెట్టింది. పచ్చడి నిలిచిన మేర ఇత్తడి ఎర్రబారి ఉంది. అంచున ఆకుపచ్చని చిలుము కట్టింది.

"నాన్నా, దీనికి కళాయే లేదు. ఆవిడ మీకు చెప్పిందా, లేదా?"

నేను కిటికీ వైపు చూశాను.

"అమ్మ మీ పెళ్ళిచూపులనాడు ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పటికీ పద్యం చెబుతారు మీరు. పండుగ ముందురోజు ఆవిడ చెప్పిన మాట మరిచిపోయారా?"

"చెప్పింది," అన్నాను. "రెండుసార్లు చెప్పింది."

అది నా చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

సెక్రటరీ ఇంటికి వెళ్ళాను. దారిలో వాక్యాలు కూర్చుకున్నాను. "నా అనవధానత వల్ల ఒక అపచారం సంభవించింది, ఆ సాధ్వి నిర్దోషి, ఆ భారం నాది" అన్నాను. నా తప్పును పట్టుబట్టలో చుట్టి చేతికిచ్చినట్టుంది ఆ ధోరణి. అతడు లేచి నా కాళ్ళకు దండం పెట్టాడు.

"మీది ఎంత పెద్ద మనసండీ! పనిమనిషి కోసం తప్పు మీ మీద వేసుకుంటున్నారు. మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టేనండి..."

"అది కాదు నాయనా," అన్నాను. కాఫీ ఇచ్చారు. నేను తాగాను. ఆడిన అబద్ధానికంటె ఆ కాఫీ తాగినందుకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను.

ఇల్లు చేరి అమ్మాయికి జరిగినది చెప్పాను. "అయితే అందరూ చదివేట్టు రాద్దాం. మీరు చెప్పండి, నేను టైపు చేస్తా," అన్నది. అలంకారం పడినచోటల్లా చెరిపివేసింది. చివరికి మిగిలినది ఇంతే: గుండిగలో కళాయి లేదని ఆమె ముందే చెప్పింది. మిగిలిన కళాయిని నేనే రుద్దించాను. సభలో అడిగితే జ్ఞాపకం లేదని అబద్ధమాడాను. టవరు వాట్సాప్ గ్రూపులో దానికి కొన్ని చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. ఒక తల్లి మాత్రం, "మరి ఆమెను ఎందుకు పంపించినట్టు?" అని అడిగింది.

ఆమెను పనికి పెట్టిన ఏజెన్సీ అప్పటికే ఒక ఆఫీసు టవరుకు మార్చిందని తెలిసింది. శనివారం అమ్మాయి నన్ను కారులో తీసుకువెళ్ళింది. భూమికి రెండంతస్తుల దిగువన, కార్లు నిలిపే చోట ఆమె ఊడుస్తూ కనబడింది. నన్ను చూసి చీపురు గోడకు ఆనించింది.

"మంచిగున్నవా తాతా? పిలగాండ్లు మంచిగైన్రా?"

ముందుగా పిల్లల మాట అడుగుతుందని నేననుకోలేదు. బాగున్నారన్నాను. తప్పు నాదని చెప్పి, తిరిగి మా టవరుకు రమ్మని అడిగాను.

"రాను తాతా. ఏ మొకం పెట్టుకోని రావాలె? చేయని పనికి అందరు నన్ను దొంగను చూసినట్ల చూసిరి." చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "గన్ని పద్యాలు యాది ఉంటయి నీకు. నేను చెప్పిన ఒక్క మాట యాది లేదంటివి."

నేను చేతులు జోడించాను.

"గా మాట ఇక్కడిదాంక వచ్చింది," అన్నదామె. "యాసిడ్ తోని గిన్నెలు కడుగుతదని సూపర్వైజర్ సారుకు ఎవరో ఫోన్ చేసిన్రట. పైన ప్యాంట్రీల కాఫీలిచ్చే పని ఇస్తమని నన్ను పిల్చిన్రు. ఇప్పుడు కప్పులు ముట్టనిస్తలేరు. కిందనే ఉంచిన్రు, ఈ పొగల. నాకు నీ దండాలు వద్దు తాతా. గా సారుకు చెప్పు."

సూపర్వైజరు ముప్పయ్యేళ్ళవాడు, ఒక చెవిలో ఫోను, చేతిలో హాజరు పట్టీ. నేను గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, ఈమె విషయంలో నేను అనృతం పలికాను," అన్నాను.

"ఏం పలికిన్రు సార్?"

"అనగా, సభాముఖంగా సత్యాన్ని గోపనం చేసి..."

"జర అర్థమయ్యేటట్టు చెప్పుండ్రి పెద్దాయనా, బండ్లు ఆగినయ్ అక్కడ."

అలవాటు నన్ను విడువలేదు. ఇంకో మాట వెతుక్కుంటున్నాను. ఆమె ఇక ఓపిక పట్టలేక ముందుకు వచ్చింది.

"తాత అబద్ధం చెప్పిండు సారు. కళాయి లేదని నేను చెప్పిన, చెప్పలే అన్నట్టు మాట్లాడిండు. యాసిడ్ లేదు, ఏం లేదు. గంతే."

అతడు ఫోను చెవినుంచి తీశాడు. "నిజమేనా?"

"నిజమే," అన్నాను. "అబద్ధం చెప్పాను."

"గీ వయసుల ఎందుకు సార్, అబద్ధాలు?"

అతడు ఎగతాళికి అనలేదు. తెలుసుకోవాలనే అడిగాడు. తరువాత ఆమె వైపు తిరిగి, సోమవారం నుంచి ప్యాంట్రీకి పొమ్మని చెప్పి, కాగితంలో ఏదో కొట్టివేసి వెళ్ళిపోయాడు.

ఆమె ముఖంలో సంతోషం కనిపిస్తుందేమోనని చూశాను. అది చూసి నేను తేలికపడాలని ఆశించాను కాబోలు. ఆమె అప్పటికే చీపురు అందుకుంది. మలుపులోంచి ఒక కారు దీపాలు వేసుకుని కిందికి దిగుతోంది.

"బండ్లొస్తున్నయ్ తాతా," అన్నదామె. "పక్కకు జరుగు."

నేను పక్కకు జరిగాను.