కనపడని నెలవంకకు నా సాక్ష్యం

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ దెప్పుతుంటుంది. కానీ ఈ ఒక్క మాటను మాత్రం ఇన్నేళ్లుగా గుండెల మీద కుంపటిలా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా నరసాపురంలో ఒక మౌలానా గారుండేవారు. ఖురాన్ అర్థాన్ని అందరికీ తెలిసేలా తెలుగులో చెప్పేవారు. కౌన్సిలర్‌గా కూడా గెలిచారు. కుళాయి రాకపోతే ఏ మతం వాళ్లయినా తిన్నగా మసీదుకే వచ్చేవారు. నేను ఆయన వెంటే తిరిగేవాణ్ణి.

ఆ ఏడు ఆయనకు చైర్మన్ సీటు వచ్చేలా ఉంది. పార్టీ పెద్దాయన ఇరవైతొమ్మిదో ఉపవాసం మర్నాడు మా ఊరు వస్తున్నాడు. రంజాన్ పండగ ఆ రోజే అయితే ఈద్గాలో మౌలానా గారి వెనకున్న జనాన్ని కళ్లారా చూస్తాడు. ఒక్కరోజు ఆలస్యమైతే వెళ్లిపోతాడు. నెలవంక కనపడితేనే తెల్లారి పండగ కాబట్టి, ఇరవైతొమ్మిదో నాటి సాయంత్రం గోదావరి రేవులో అందరం తలలెత్తి నిలబడ్డాం. అంతా మబ్బే! మబ్బు పట్టినప్పుడు పండగ నెలవంకకు ఇద్దరు సాక్షులు కావాలి. నేనూ, నేనేమంటే అదే అనే మా బావమరిదీ ముందుకెళ్లాం.

"కళ్లారా చూశావా, అబ్బాయ్? ఊరందరి ఉపవాసం నీ మాట మీద ఆగుతుంది" అన్నారు మౌలానా గారు.

"చూశానండి. తాటిచెట్ల పైన, సన్నగా ఉందండి."

ఆయన నన్ను కౌగిలించుకున్నారు. పండగ ప్రకటించారు.

మర్నాడు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఉపవాసంలో ఉంటే మేం సేమ్యా తిన్నాం. సాయంత్రానికి ఆకాశం విచ్చుకుంది. వెంట్రుకంత నెలవంక. అది మొదటిరోజుదేనని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోయింది. ఆఖరి ఉపవాసం పాడుచేశాడని ముసలమ్మలు ఏడ్చారు. సీటు కోసం చంద్రుణ్ణే ముందు పిలిపించాడని బజారంతా నవ్వింది. ఆ సీటూ వేరేవాళ్లకు పోయింది.

శుక్రవారం నమాజుకు ముందు ఆయన లేచి, "తొందరపడ్డాను, తప్పు నాదే, అందరూ ఒక ఉపవాసం తిరిగి ఉండండి" అన్నారు. మా పేర్లు ఎత్తలేదు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. లేవలేదు. ఆయన మళ్లీ ఎన్నికల్లో నిలబడలేదు.

ఆయన మంచి కోసమే చేశానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. నిజంగానా? చైర్మన్ గారి పక్కన కారులో కూర్చోవాలని, నాలుగు చేతులు నాకూ నమస్కారం పెట్టాలని లోలోపల ఎన్నిసార్లు ఉవ్విళ్లూరానో నాకు తెలియదా? ఛీ, ఎంత సిగ్గుమాలిన ఆశ! ఆయనకు నా మీద అనుమానం వచ్చిందా? ఒక్కసారైనా అడిగుంటే బావుండేది. అడగలేదు. ప్రతి పండగకూ మా ఇంటికి మిఠాయి పంపుతూనే ఉన్నారు.

పోయిన వర్షాకాలంలో ఆయన కాలం చేశారు. జనాజా వెనక నడుస్తూ ఎవరో అన్నారు: "మహా పండితుడే, పాపం, ఆ చంద్రుడి దగ్గరే బుద్ధి గడ్డి తింది." అప్పుడైనా నోరు విప్పానా? లేదు. మట్టి వేసి ఇంటికొచ్చేశాను.

ఆయన గడ్డి తినలేదండీ. నా మాట నమ్మారు, అంతే. ఆ సాయంత్రం నాకు మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. నన్ను క్షమించవలసిన మనిషి మట్టిలో ఉన్నాడు, క్షమించమని మిమ్మల్ని అడగను. నేను పేరు రాయకపోయినా, ఇది చదివితే మా ఊరివాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. పోల్చుకోనీ. రేపు బజారులో నన్ను నిలదీయనీ. అమ్మయ్య, ఇప్పటికి ఊపిరాడుతోంది.