పై హాస్టల్ పరువు

పిల్లలంతా ఆవిణ్ణి పిన్ని అంటారు. పై హాస్టల్ మూడంతస్తులూ ఊడ్చి, చెత్తకుండీలు బోర్లించి, అన్నం అంటిన కాగితాల్లోంచి సీసాలు ఏరేసరికి నడుము పట్టేసేది. గోడ పట్టుకుంటే గాని లేవలేకపోయేది. కింద హాస్టల్ ఊడ్చేది ఆవిడ చిన్న తోడికోడలే. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో.

చెత్త వేరుచేసి వేయండి తల్లుల్లారా అని గోడల నిండా కాగితాలు అంటించినా ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి యూనివర్సిటీ వాళ్ళు కొత్త ఎత్తు వేశారు. "పై హాస్టల్ వాళ్ళం చెత్త కలపం" అని చొక్కాలు వేయించి పంచారు. కింద హాస్టల్‌కి అదే మాట, వేరే రంగు. ఏ కుండీలు శుభ్రంగా ఉంటే ఆ హాస్టల్ గేటుకి జెండా. ఇంకేముంది! భూమి వేడెక్కిపోతోందంటే మంచం దిగని మహాతల్లులు, పక్క హాస్టల్ గెలుస్తుందనేసరికి పెరుగు డబ్బాలు కడిగి మరీ వేయడం మొదలుపెట్టారు. పిన్నికీ ఒక చొక్కా ఇచ్చి, "నువ్వూ మన జట్టే పిన్నీ" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆవిడకి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. నడుము కూడా కాస్త తెరిపిన పడింది.

తోడికోడలికి మాత్రం పని రెట్టింపయింది. "మీ పిల్లలు బంగారం అక్కా. మావాళ్ళే, ఎంత తిట్టినా సిగ్గు లేదు" అంది, అరచేతికి గుడ్డ చుట్టుకుంటూ. కుండీలో పగిలిన సీసా కోసింది.

మర్నాడు పై హాస్టల్ పిల్ల ఒకతె బరువైన సంచీ మోసుకుంటూ కింద హాస్టల్ వైపు పోతూ కనిపించింది.

"ఎక్కడికమ్మా అది?"

"అంతా కలిసిపోయింది పిన్నీ, ఎవరు ఏరుతారు? మన కుండీలో వేస్తే జెండా పోదూ? అందరం అక్కడే వేస్తున్నాం."

ఏ దాపరికమూ లేకుండా, సొంత మనిషికి చెప్పినట్టే చెప్పింది.

పిన్నికి తోడికోడలు అరచేతికి చుట్టుకున్న గుడ్డ గుర్తొచ్చింది. చూడనట్టు ఊరుకుంటే నడుముకి సుఖం. అడ్డుపడితే మళ్ళీ ఆ వంగడం, ఆ ఏరడం, పైగా పిల్లలు దూరమవుతారు. చీపురు గోడకి ఆనించి చెయ్యి చాచింది.

"ఇలా తే. అక్కడ చెయ్యి పెట్టేది మా చిన్నది."

సంచీ తీసుకుని పై హాస్టల్ కుండీలోనే కుమ్మరించింది. తర్వాత ఎవరు తెచ్చినా అంతే. ఆ వారమే జెండా దిగిపోయింది. పిల్లలు ఒక్క మాట అనలేదు, పలకరించడం మానేశారంతే. కుండీలు మునుపటికంటే అధ్వాన్నమయ్యాయి.

ఇంట్లో తోడికోడలికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "నీ పిల్లల్ని అనవసరంగా తిట్టావే. అదంతా మావాళ్ళ పని."

చిన్నది అరచేతి గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంది. "ఇంకా మావాళ్ళంటావేంటక్కా?" అంది.

"అలవాటైపోయిందే" అంది పిన్ని. అంటుంటేనే ఏడుపొచ్చింది.