ఆర్మీ ట్రక్కుకు ఏసీ బిగించిన పెళ్ళికొడుకు

కువైట్‌లో, ఆకాశంలో మబ్బు తునక లేని ఆగస్టులో, నేనొక మిలిటరీ ట్రక్కును నీళ్ళలో ముంచాను. సముద్రంలో కాదండీ. దజీజ్‌లో, మా గ్యారేజీ షెడ్డు ముందర, పొడినేల మీద కదలకుండా నిలబడి ఉన్న ట్రక్కును. మీరు నమ్మరని తెలుసు. కాళ్ళు తడిసేదాకా నేనూ నమ్మలేదు.

అప్పుడు నాకు పెళ్ళి కుదిరిన కొత్త. రాయచోటిలో షబానా, ఇక్కడ నేను, మధ్యలో ఫోను. కళ్ళు తెరుచుకునే ఉండి కలలు కనేవాణ్ణి. ఏసీలకు గ్యాసు నింపుతూ మనసులో ఆమె పక్కన నడిచేవాణ్ణి. ఎండకు షెడ్డు రేకులు టపటపమంటే, అది మా పెళ్ళి పందిరి మీద కురుస్తున్న వాన అనుకునేవాణ్ణి. అలాంటివాడి చేతికి స్పానరు ఇవ్వకూడదు. ఇచ్చారు.

మా కఫీల్ పేరు అబూ ఫహద్. గ్యారేజీ ఆయనదే, మా వీసాలూ ఆయన చేతిలోనే. అందరం బాబా అంటాం. ఎడారిలో తన ఒంటెల దొడ్డికి పోయి రావడానికి, సైన్యం వేలంలో అమ్మేసిన పాత ట్రక్కు ఒకటి కొనుక్కొచ్చాడు. దానికి ఏసీ లేదు. సైనికులకు చెమట పట్టదని తయారుచేసినవాళ్ళ నమ్మకం కాబోలు.

మా ఫోర్‌మన్ ఓబులేసన్నది పులివెందుల పక్క. నన్ను పిలిచి చెప్పాడు.

"ఒరేయ్ మస్తానూ, దీనికి ఏసీ బిగించే పని నీదే. బాబా ఎక్కి కూచుంటే ఆహా అనల్ల. అన్న్యాడంటే నీ సెలవు కాగితం మీద సంతకం పెడతాడు. అనలేదనుకో, నీ పెండ్లికి నువ్వు పొయ్యేది ఉండదు."

"పెండ్లి నాదే కదన్నా!"

"పెండ్లి నీదే. సంతకం ఆయనది."

నెలాఖరుకే ముహూర్తం. ఇక చూడండి నా పనితనం! ట్రక్కు ఇరవై నాలుగు వోల్టులది కాబట్టి దానికి తగ్గ ఫ్యాన్లే తెచ్చాను. కంప్రెసరు కూర్చోవడానికి ఇనుప పట్టీ నేనే వెల్డింగ్ చేశాను. పెద్ద పనులన్నీ సరిగ్గానే చేశానండీ, నా మాట నమ్మండి. చిక్కల్లా కంతల దగ్గర వచ్చింది. ఆ ట్రక్కు ఏరు దాటినప్పుడు లోపలికొచ్చిన నీళ్ళు కారిపోవడానికి కేబిన్ అడుగున కంతలు పెట్టారు సైన్యంవాళ్ళు. వాటిలోంచి వేడిగాలి లోపలికి తంతోంది. వాటిని పూడ్చడానికి సిలికాను జిగురు గొట్టం పట్టుకుని డాష్‌బోర్డు కిందకు దూరాను. అదే సమయానికి షబానా ఫోను.

"ఏం చేస్తాండారు?"

"కంతలు పూడుస్తాండా."

"షేర్వానీ ఆకుపచ్చదా, క్రీముదా?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమైతే మిమ్మల్ని ఎందుకు అడుగుతాను?"

"అయితే ఆకుపచ్చ."

"అది మీకు బాగుండదు."

"అయితే క్రీము."

"ఆ మాట ముందే చెప్పకూడదా!"

ఏసీ డబ్బాలోంచి నీళ్ళు కారతాయని మీకు తెలుసు. ఆ నీళ్ళు బయటికి పోవాలని, చివరి కంతలోంచి సన్నని పైపు కిందికి దించి ఉంచాను. చుట్టూ తుడుద్దామని దాన్ని పైకి లాగింది ఫోనులో ఆకుపచ్చ అన్నప్పుడు. క్రీము దగ్గరికొచ్చేసరికి ఆ కంత కూడా పూడ్చేసి, బొటనవేలితో నున్నగా రాసి, నా పనికి నేనే మురిసిపోయాను. పైపు మూతి లోపలే ఉండిపోయింది.

మర్నాడు పరీక్ష. "పొద్దున్నుంచి ఇంజను ఆపగాకు. బాబా సాయంత్రం వస్తాడు. లోపలే కూచుని చూస్తాండు" అన్నాడు ఓబులేసన్న.

బయట గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటోంది. లోపల... అబ్బ, ఏం చెప్పమంటారు! కొత్త మ్యాటు మాసిపోతుందని బూట్లు విప్పి కూర్చున్నాను. ఇంజను జోలపాట పాడుతోంది. చల్లగాలి రెప్పల మీద చెయ్యి వేసింది. కాసేపటికి నేను కువైట్‌లో లేను. మంచి వానలకు నిండిన ఏటి గట్టున కూర్చుని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాను. నీళ్ళు మెల్లగా పాదాలను ఎక్కుతున్నాయి. ఎంత చల్లని నీళ్ళు, ఎంత నిజంలాంటి కల! ఇంత బాగా కలగనడం ఒక్క నాకే వచ్చని కలలోనే గర్వపడ్డాను. దూరంగా షబానా వస్తోంది. తెల్లటి బట్టలు. దగ్గరికొచ్చి టకటకమని తలుపు తట్టింది. ఏటికి తలుపేమిటని నాకు అనుమానం కూడా రాలేదు.

తలుపు తెరిచి, చెయ్యి చాచి, ప్రేమంతా గొంతులో పోసి అన్నాను: "రా బంగారూ, నీళ్ళు చల్లగుండాయి."

కింద తెల్లటి దిష్‌దాషా అంగీలో అబూ ఫహద్. కేబిన్‌లో నిండిన నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆయన మోకాళ్ళ మీద పడ్డాయి. వెనకే నా బూటొకటి ఈదుకుంటూ వచ్చి ఆయన పాదాల దగ్గర ఆగింది.

"షినో హాదా?" అన్నాడు బాబా. ఇదేమిటి అని.

"అయిపాయ, నీ పెండ్లి అయిపాయ" అని గొణిగాడు ఓబులేసన్న.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. షబానాకు ఏం చెప్పను? బాబా మాత్రం తడిసిన పాదాలకేసి చూసుకున్నాడు. వంగి, ఆ నీళ్ళు ముట్టుకున్నాడు.

"వల్లా, బారిద్! ఇంత చల్లటి నీళ్ళు ట్రక్కు ఇస్తుందా?"

"ఇస్తుంది బాబా."

"ఎడారిలో కూడా ఇస్తుందా?"

"అక్కడ కాస్త తక్కువ ఇస్తుంది."

ఆహా అన్నాడండీ! నన్ను కావలించుకున్నాడు. ఆ పైపు బయటికి లాగి కుళాయి బిగించమన్నాడు, ఒంటెల దగ్గర చేతులు కడుక్కోవడానికి. ఆ సంబరంలో నా సెలవు కాగితం ముందు పెట్టాను.

"సెలవా?" బాబా తెల్లబోయాడు. "నా స్నేహితులందరికీ ట్రక్కులున్నాయి. నువ్వు పోతే కుళాయిలు ఎవరు పెడతారు? ఎండాకాలం ఖలాస్ అయ్యాక పో."

పని చెడగొట్టి ఉంటే తిట్టి పంపేవాడేమో. చెడింది కూడా బాగుపడేసరికి చిక్కుకుపోయాను. సంగతి విని షబానా "కుళాయికి పడిన విలువ నాకు లేదా?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముహూర్తం మార్చేది లేదన్నాడు మామ, షబానా తండ్రి. మా వాళ్ళలో ఫోనులో నికా చేసుకోవడం ఉన్నదే కదా, అలాగే కానిమ్మన్నాడు.

నికా రోజు గదిలో గోల, గ్యారేజీలో గ్రైండర్ల మోత. "ట్రక్కులో కూర్చో, యల్లా!" అన్నాడు బాబా. ఒక పక్క ఆయన, ఒక పక్క ఓబులేసన్న, నడుమ నేను. ఫోనులో రాయచోటి అంతా కనబడుతోంది. పెళ్ళికొడుకుకు మర్యాదగా ఉంటుందని బాబా ఏసీని చివరిదాకా తిప్పాడు.

"ఖుబూలేనా?" అని అడిగాడు ఖాజీ, పెళ్ళికి సమ్మతమేనా అని.

"ఖు... ఖు... ఖు..." దవడలు కొట్టుకుంటున్నాయి, మాట రావడం లేదు.

"అబ్బాయికి ఇష్టం లేదా ఏమి?" అన్నాడు ఖాజీ.

"ఇష్టమే సామీ, చలి!" అని కేక పెట్టాడు ఓబులేసన్న.

ఆగస్టు నెలలో కువైట్‌లో చలి అంటే రాయచోటిలో ఎవరు నమ్ముతారు? అల్లుడు పెళ్ళికి భయపడి వణికాడని అత్తగారింట్లో ఇవాళ్టికీ చెప్పుకుంటారు. అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకోసారి నా పెళ్ళికి ఏసీ నేను బిగించను.

ఇది రాస్తుంటే షబానా భుజం మీదుగా చదివి, "ఇంకోసారి అంటే?" అంది. మళ్ళీ నా దవడలు కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఏసీ కూడా లేదండీ.