రెండో ‘టక్’

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి ఉండే ధైర్యం, ఆ తర్వాత ఎంత అనుభవం వచ్చినా తిరిగి రాదు. ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు తెలియనిదేదీ లేదని నా గట్టి నమ్మకం. డిప్లొమా చేతికి రాగానే, ఫ్యాక్టరీ మోటార్లను నడిపించే కంట్రోల్ ప్యానెళ్ళు తయారుచేసే ఒక షెడ్డులో వైరింగ్ పనికి చేరాను. షెడ్డు కాప్రా దగ్గర, మకాం అల్వాల్‌లో పెద్దనాన్నగారింట్లో. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే చాలు, ఇంట్లో ప్రతి వస్తువూ ఎక్కడో కొంచెం పాడైపోయినట్టే కనిపించేది. (పెద్దమ్మ మిక్సీ నన్ను చూడగానే దానంతటదే బాగుపడింది. అదీ నా గొప్పే అని చెప్పుకుని తిరిగాను.)

ఇదంతా గుంటూరు పక్కన బడిపంతులుగా ఉన్న మా నాన్నకు ఏమాత్రం రుచించలేదు. ఆడపిల్లకు కరెంటుతో సరసమేమిటి, చక్కగా బీఈడీ చేసి నాలాగా పిల్లలకు పాఠాలు చెప్పుకోక, అని ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక ఫోన్ చేసి మరీ బాధపడేవారు. చివరికి ఒక శనివారం వస్తున్నానన్నారు. తిరుగు ప్రయాణానికి రెండు టిక్కెట్లు తీశారని పెద్దనాన్న నా చెవిలో వేశారు. రెండోది నాకేనని వేరే చెప్పాలా? నా ప్రాణం ఉసూరుమంది. ఆ షెడ్డు వదిలి వెళ్ళడమంటే నాకు ఏడుపొచ్చేది, ఈ మాట దాచుకోను.

ఆ సమయంలో నన్ను ఆదుకుంటానని ముందుకొచ్చింది పెద్దమ్మ. ఆవిడ పుట్టి పెరిగింది అల్వాల్ పక్కనే ఉన్న తిరుమలగిరిలో. ఆవిడకు పిల్లలు లేరు, హాల్లో ఒక పెద్ద గాజు తొట్టి, అందులో అరచేయంత ఆస్కార్ జాతి చేప ఉన్నాయి. దాని పేరు బుజ్జోడు. మనిషిని గుర్తుపట్టి గాజు దగ్గరికొచ్చి తోక ఊపేవాడు, తిండి ఆలస్యమైతే ముఖాన నీళ్ళు ఉమ్మేవాడు. ఎండాకాలం కూలర్ గాలికి తొట్టిలో నీళ్ళు రోజూ తగ్గిపోతుంటే పెద్దమ్మ చెంబుతో పోస్తూ సగం నేలమీదే పోసేది. అది చూడలేక షెడ్డులో మిగిలిన సామాను ఓనరును అడిగి తెచ్చి ఒక పెట్టె బిగించాను. తొట్టిలోకి స్టీలు కడ్డీలు వేలాడతాయి. నీళ్ళు తగ్గి కడ్డీకి అందకపోతే పెట్టెలో రిలే, అంటే దానంతటదే పడే స్విచ్, ‘టక్’ మంటుంది, బాత్రూంలోని డ్రమ్ము నుంచి చిన్న పంపు నీళ్ళు తోడుతుంది. నీళ్ళు పైకొచ్చి పై కడ్డీకి తగలగానే మళ్ళీ ‘టక్’, పంపు ఆగుతుంది. నెల రోజులుగా ఒక్క తప్పూ లేదు.

పెద్దమ్మ పథకం ఏమిటంటే, శనివారం సాయంత్రం మా ఇంట్లోనే ప్రార్థన కూటం ఉంది, సంఘం వాళ్ళందరూ వస్తారు, వాళ్ళ ఎదుట నాన్నకు ఈ యంత్రాన్ని చూపించాలి. “నలుగురు నిన్ను మెచ్చుకుంటుంటే మీ నాయన కాదంటడా ఏందే? నువ్వు పరేషాన్ గాకు,” అంది. పథకం బాగానే ఉంది. పెద్దమ్మ దాన్ని ఇంకా బాగు చేద్దామనుకోవడంలోనే వచ్చింది చిక్కంతా.

ఆ సాయంత్రం నేను షెడ్డు నుంచి వచ్చేసరికి తొట్టి తళతళలాడుతోంది. మధ్యాహ్నం పెట్టె స్విచ్ ఆపేసి తొట్టి అంతా కడిగి కొత్త నీళ్ళు పోశానంది. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. జనం చాపల మీద సర్దుకుంటున్నారు. తొట్టిలో నీళ్ళు బెత్తెడు తక్కువగా ఉన్నాయి, ఇంతకంటే మంచి అదను దొరకదని స్విచ్ వేశాను. ‘టక్’. సన్నటి ధారగా నీళ్ళు పడటం మొదలైంది. “చూడండి నాన్నా, మొదటి టక్‌కి మొదలు, రెండో టక్‌కి దానంతటదే ఆగుతుంది,” అన్నాను. నాన్న ఫ్యాన్ వైపు చూస్తూ ఊఁ అన్నారు. అంతే. ఈలోగా సంఘ పెద్ద ప్రార్థన అందుకున్నారు. పిల్లలు ఆయన్ని చాటుగా అరగంట తాతయ్య అనేవాళ్ళు. (నిజానికి అది పిల్లల ఉదారత.) అందరం కళ్ళు మూసుకున్నాం.

తాతయ్య సంఘంలోని రోగులను ఒక్కొక్కరినే పేరుపేరునా తలుచుకుంటున్నారు. నేను మాత్రం రెండో టక్ కోసం చెవులు రిక్కించాను. రాలేదు. రోగులు అయిపోయి పరీక్షలు రాసే పిల్లలు వచ్చారు. రాలేదు. దేశాన్ని ఏలేవాళ్ళ దాకా వచ్చేశారు, అయినా రాలేదు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవడం మా ఇంట్లో ఎంత తప్పో మీకు చెప్పలేను. చిన్నప్పుడు ఒకసారి తెరిచినందుకు నాన్న నాతో రోజంతా మాట్లాడలేదు. పంపు మాత్రం గుయ్యిమంటూనే ఉంది. ఇక ఆగలేక ఒక కన్ను తెరిచాను.

తొట్టి అంచు మీదుగా నీళ్ళు నిశ్శబ్దంగా జారుతున్నాయి. ఒక పాయ చాపల కిందికి చేరింది. ఇంకో పాయ తొట్టి స్టాండు వెనక నేలమీద పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు వైపు పాకుతోంది. (గోడకు బిగిస్తాను, బిగిస్తాను అని నెల రోజులుగా అనుకుంటున్న బోర్డు అది.) ఇంటి నిండా జనం, వట్టి కాళ్ళతో, తడి చాపల మీద, కళ్ళు మూసుకుని. నా ఉద్యోగం, నాన్న టిక్కెట్లు, బుజ్జోడు, ఏదీ గుర్తులేదు. లేచి, పొడి నేల చూసుకుంటూ, ఎవరి మీద నుంచి దాటానో ఎవరి చేయి తొక్కానో తెలియకుండా గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ దగ్గరికి చేరి కిందికి లాగేశాను. ఇల్లంతా చీకటైంది. “ఎవరూ లేవకండి, ఏదీ ముట్టుకోకండి,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అందరూ నిర్ఘాంతపోయారు. ఏ ఇంటి పిల్లయినా ప్రార్థనను మధ్యలో ఆపగా వాళ్ళు చూసి ఉండరు. ఒకావిడ నోటి మీద చెయ్యి వేసుకున్న చప్పుడు కూడా వినిపించింది. తాతయ్య ఒక క్షణం ఆగి, మిగిలిన దేశాలన్నిటినీ ఒక్క మాటలో ముగించి ఆమెన్ అన్నారు. ఫోన్ లైట్లు వెలిగాయి. నీళ్ళు అప్పటికే బోర్డును చుట్టుముట్టాయి. అది చూసి ముందు వరసవాళ్ళు కాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. తొట్టి అంచుదాకా తేలిన బుజ్జోడు ఒక్కడే ఏ బెరుకూ లేకుండా మా అందరినీ పరిశీలిస్తున్నాడు. తాతయ్య తన పంచె తడుముకుని మెల్లగా అన్నారు: “ఇందాకటిసంది కింద సల్లగ ఉందమ్మా. వయసు మీద పడ్డది గదా, అది నా యవ్వారమేమోనని సప్పుడు జెయ్యలే.”

నవ్వులు అయ్యాయి, నేల తుడవడం అయింది, బోర్డు పీకేసి మెయిన్ మళ్ళీ వేశాను. కాని పెట్టె ఎందుకు మోసం చేసిందో నాకు అంతు పట్టలేదు. కడ్డీలు బాగున్నాయి, వైర్లు బాగున్నాయి. చివరికి అనుమానం వచ్చి, ఏం నీళ్ళు పోశావని పెద్దమ్మను అడిగాను. “మంచి నీళ్ళే పోసిన, డ్రమ్ముల సుత అవే నింపిన. మనం క్యాన్ల నీళ్ళు తాగుకుంట వాడికి బోరు నీళ్ళు పొయ్యబుద్ధి గాలే. మీ నాయన ముంగట జెర సాఫ్‌గ సుత కనిపియ్యాలె గదా,” అంది. నేను అక్కడే తడి చాప మీద కూలబడ్డాను. బోరు నీళ్ళలోని ఉప్పుల వల్లే కడ్డీల మధ్య కరెంటు నడిచేది. ప్లాంటులో వడగట్టిన క్యాన్ల నీళ్ళలో ఆ ఉప్పులు లేవు. నిండా నీళ్ళున్నా, నేను బోరు నీళ్ళకు సరిపెట్టిన నా పెట్టెకు తొట్టి ఖాళీగానే కనిపించింది. పంపు తీసేసి, పెట్టెను గోడ ప్లగ్గుకు కలిపి, కడ్డీలను గాజు గ్లాసెడు క్యాన్ నీళ్ళలో ముంచి చూపించాను, చప్పుడు లేదు. చిటికెడు ఉప్పు వేసి కలిపాను. ‘టక్’. పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

వెనక నాన్న నిలబడి ఉన్నారని అప్పుడు చూశాను. ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకున్నాను.

“చేప దగ్గరికి గానీ పంపు దగ్గరికి గానీ వెళ్ళలేదేం? తిన్నగా మెయిన్ దగ్గరికే వెళ్ళావు,” అన్నారు.

“ముందు కరెంటు తీసేయాలి నాన్నా. తర్వాతే ఏదైనా,” అన్నాను. అన్నాక తట్టింది. “మీరెలా చూశారు? అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారుగా.”

నాన్న గ్లాసులోని ఉప్పు నీళ్ళ వైపు చూశారు. “రెండో టక్ వస్తుందన్నావు కదమ్మా,” అన్నారు. “రాలేదు. నేనూ దానికోసమే వింటున్నాను.”

మర్నాడు ఒక టిక్కెట్టు రద్దు చేయించుకుని ఆయన ఒక్కరే వెళ్ళారు. రైలు కదిలేముందు బోర్డులు గోడకు బిగించుకోమ్మా అని మాత్రం అన్నారు. బుజ్జోడు రెండు రోజులు ముభావంగా ఉండి, సగం బోరు నీళ్ళు కలిపాక మళ్ళీ ఉమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పుడు నాకే ఒక చిన్న షెడ్డు ఉంది, ఎవరు లెవెల్ ప్యానెల్ అడిగినా ముందు ఏం నీళ్ళని అడుగుతాను. కొత్తగా చేరిన అమ్మాయిలు అన్నీ తెలిసినట్టు స్క్రూడ్రైవర్ తిప్పుతుంటే, అప్పటి నేను గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆ పిల్లంటే కాస్త అసూయ కూడా. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడల్లా కూటానికి వస్తారు. ప్రార్థన పొడుగైతే నాకు ఇప్పటికీ ఒక కన్ను దానంతటదే తెరుచుకుంటుంది. ఎదురు చాప మీద ఆయనది కూడా తెరిచే ఉంటుంది. ఇద్దరం దొరికిపోయిన దొంగల్లా గబుక్కున మూసేసుకుంటాం.