నలభై మెగాహెర్ట్జ్, ఒక గిన్నె సారు

కోలారు బంగారు గనుల ఊరిగాంలో పాత గని కంపెనీ ఇంట్లో ఒంటరిగా ఉంటూ బెంగళూరు ఉద్యోగాన్ని లాప్‌టాప్‌లోనే వెలగబెట్టే హయగ్రీవకు దేవుడు రౌటర్ రూపంలో వెలిశాడు. పొద్దున్నే బనీను మీదే, ఫోను ఎత్తి పట్టుకుని, గదిగదికీ స్పీడు కొలుస్తూ ఇల్లంతా ప్రదక్షిణ చేస్తాడు. అంకె పెరిగితే మీసం దువ్వుతాడు, తగ్గితే కిటికీ మూస్తాడు. వంట ఒక్కటే ఆయనకు అబ్బని విద్య. పెరటి గోడ అవతలి గంగులమ్మ పాత ఫోనులో ఈ వైఫైతోనే సీరియల్ నడుస్తుంది. అందుకు బదులుగా మధ్యాహ్నం గోడ మీదుగా రాగిముద్ద, అందులోకి పప్పుచారు లాంటి సారు వస్తాయి.

మొన్న ఆయన రౌటర్‌లో చానల్ వెడల్పును ఇరవై నుంచి నలభై మెగాహెర్ట్జ్‌కు పెంచి, స్పీడు రెట్టింపైందని పొంగిపోయాడు. మధ్యాహ్నం దాటినా గిన్నె రాలేదు. గొంతు మాత్రం వచ్చింది.

"ఏమప్పా, నీ వైఫై యాడికి పోయినాది? సీరియల్లో కోడలు బావిలో దూకే టయానికి నిలిచిపోయినాది!"

"చానల్ వెడల్పు చేసినానమ్మా. నీ ఫోను పాతది, దానికి ఇంత వెడల్పు చేతకాదు."

"వెడల్పు చేస్తే ఉన్నోళ్ళకి దారి పోతాదా? సారు కాచే ఈ చెయ్యి కూడా పాతదే కదప్పా, ఇంగ దాన్నీ మార్చుకో!"

హయగ్రీవ ఖాళీ కంచాన్ని ఒకసారి చూసి, గంభీరంగా లాప్‌టాప్ తెరిచి, మళ్ళీ ఇరవై పెట్టాడు. కాసేపటికి గోడ అవతల కోడలు బావిలో దూకిన చప్పుడు వినిపించింది. ఆ శుభవార్త వెనకే గోడ మీద గిన్నె చప్పుడైంది.