ముక్కు మీద గంధం

ట్రక్కు మమ్మల్ని బెంగళూరు శివారు పీణ్యలో దించేసరికి ఉదయం ఆరున్నర. చినుకులు పడుతున్నాయి. తొంభైల చివరి రోజులు. ఎదురుగా రేకుల షెడ్డు, తెల్లటి ద్రవ ఆక్సిజన్ ట్యాంకు, వరుసగా నిలబెట్టిన సిలిండర్లు. మేము ముగ్గురం: సుబేదార్, డ్రైవరు, నేను.

అంతకుముందు రెండు చలికాలాలు కాశ్మీరు కొండల మీద ఉన్నాను. ఇది పీస్ పోస్టింగ్, కాల్పులు లేని చోటు అన్నారు. పీస్‌కూ పీణ్యకూ మొదటి అక్షరం కలిసింది. ఆ తరువాత ఏదీ కలవలేదు. యుద్ధం ఎక్కడ చూశావని ఊళ్ళో అడిగితే ఇప్పటికీ పీణ్య అనే చెబుతాను. నవ్వుతారు.

నేను హవల్దారును, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ను. తుపాకీ కంటే స్క్రూడ్రైవర్‌తో నాకు గురి ఎక్కువని మా సుబేదార్ అభిప్రాయం. దానితోనూ అంతంత మాత్రమేనని నా అభిప్రాయం. మేము దిగింది ప్రైవేటు ఆక్సిజన్ ఫ్యాక్టరీలో. ఎత్తయిన పోస్టులకు వెళ్ళే సిలిండర్లను అక్కడే పరీక్షించి ముద్ర వేయాలి. అదీ మాకిచ్చిన ఆర్డరు.

నింపే హాలు బయట, తలుపుకు ఎదురు గోడకు ఒక ఎనలైజర్ ఉండేది. టిఫిన్ డబ్బా అంత పెట్టె. సన్నని గొట్టంతో హాలులోని గాలిని పీల్చి, అందులో ఆక్సిజన్ ఎంత శాతముందో అంకె చూపేది. మామూలు గాలికి దాదాపు ఇరవై ఒకటి. ఇరవై మూడు దాటితే సైరన్. ఆక్సిజన్ తాను మండదు, ఎక్కువైతే పక్కనున్నదాన్ని మండిస్తుంది. అలాంటి బంధువులు మనందరికీ ఉంటారు.

పెట్టెకే జబ్బు చేస్తే అంకె పోయి, కీచుమంటూ కోడ్ వచ్చేది. కోడ్ ఉన్నంతసేపూ సైరన్ మోగదు. ఇ-2 అంటే లోపలి సెల్ బలహీనపడింది. ఇ-5 అంటే గాలి అందడం లేదు.

సిలిండర్లు నింపే ఆపరేటర్ మునెప్ప పాత బెంగళూరు తెలుగువాడు. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం సార్, పాకిస్తానోళ్ళు పీణ్యకొస్తామని చెప్పినారా?"

"లేదన్నా. నేనే బయపడి ఈడికొచ్చినా."

"మంచి పని చేస్తివప్పా. ఈడ సచ్చే పనేం లేదు."

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు బెంగళూరులో స్పానరు మొదలు సిటీ బస్సు దాకా గంధం, కుంకుమ, బంతిపూలు తప్పవు. నా రైఫిల్‌కు నేనే బొట్టు పెట్టుకున్నాను. హాలులో నిప్పు నిషిద్ధం కనుక హారతి బయట, మా ట్రక్కు ముందు. మధ్యాహ్నం రెండింటికి లోడ్ కదలాలి. అందుకని పూజ రోజైనా నింపడం ఆగలేదు.

పదీ నలభైకి ఇ-5 వచ్చింది.

"సుమ్మనే అరస్తాది సార్ అది," అన్నాడు మునెప్ప హాలు తలుపులోంచి. "బటన్ ఒత్తితే ఊరుకుంటాది."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "హవల్దార్ సాబ్, రీసెట్ కొట్టండి ప్లీజ్. పూజారి వెయిటింగ్."

కొట్టాను. మళ్ళీ ఇ-5. కరెంటు చూశాను, బాగుంది. లోపలి పంపు తిరుగుతోంది, కానీ గొంతు పట్టేసిన మనిషిలా గురగురలాడుతోంది. గొట్టం ఊడదీసి బయటి గాలి ఇచ్చాను. కోడ్ పోయింది. ఇరవై పాయింట్ తొమ్మిది. పెట్టెకు రోగం లేదు. అడ్డు గొట్టంలో ఉంది.

గొట్టం తిరిగి తగిలించి, దాన్నే పట్టుకుని హాలులోకి నడిచాను. చివర మోకాలెత్తున ఇత్తడి ఫిల్టరు. పెట్టెకు ముక్కు అదే. ఎవరో భక్తిగా దాన్ని తోమి, మందంగా గంధం మెత్తి, మధ్యలో కుంకుమ పెట్టి, బంతిపువ్వు గుచ్చారు. మెరిసే ఇత్తడి బుడిపె కనబడితే ఆ రోజు అందరూ చేసే పనే.

తుడిచాను. తలుపులోంచి అంకె కనబడుతోంది. ఇరవై రెండు. ఇరవై ఆరు, సైరన్ మోగింది. ముప్పై ఒకటి. సైరన్ మోగింది.

ఎక్కడో లీకు. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆ గాలి పొద్దుటి నుంచి అక్కడున్నవాళ్ళ బట్టల్లో నిండి ఉంటుంది.

వాకీటాకీలో అరిచాను. "సాబ్! బయట నిప్పు ఆర్పించండి! హాలులోవాళ్ళు బయటికొస్తున్నారు, దగ్గరికి రానివ్వకండి!"

"ఆర్పుతున్నా," అన్నాడు సుబేదార్. ట్రక్కు ముందున్న కర్పూరం మీద ఇసుక పోశాడు కూడా. పూజారి చేతిలోని పళ్ళెం ట్రక్కుకు అవతలి వైపు ఉంది.

మునెప్ప బయటికి పరుగెత్తాడు. ట్రక్కును చుట్టి అవతలి వైపుకు వచ్చాడు. ఎదురుగా హారతి పళ్ళెం. అలవాటున ఆగాడు. రెండు చేతులూ చాచాడు.

మంట పసుపుగా లేదు. తెల్లగా ఉంది. చేతుల నుంచి భుజాలకు పాకలేదు, ఒక్కసారే అంతటా ఉంది. పూజారి పళ్ళెం వదిలేశాడు. మునెప్ప వెనక్కి తిరిగి హాలు వైపు పరుగు తీశాడు. నీళ్ళ డ్రమ్ము ఆ తలుపు పక్కనే ఉంది.

లోపల ఇంకా సగం నింపిన సిలిండర్లు.

తలుపులోంచి బయటికొచ్చి అడ్డం వెళ్ళాను. భుజంతో గుద్దాను. పడలేదు. గడ్డం మీద పిడికిలితో కొట్టాను. కొండల మీద కూడా ఎవరినీ అలా కొట్టలేదు. పడ్డాడు. నా చేతులు అంటుకున్నాయి. సుబేదార్ తడి టార్పాలిన్ మా ఇద్దరి మీదా వేసి పైన పడుకున్నాడు. డ్రైవరు బయటున్న ఎర్ర చక్రం తిప్పి ట్యాంకు వాల్వు మూశాడు. కానీ ఒక రవ్వ లోపలికి పోయింది. బంతిపూల దండలు కనురెప్పపాటులో మాయమయ్యాయి. ఒక గొట్టం పేలి, దాని కొస ఎనలైజర్ అద్దాన్ని పగలగొట్టింది. లోపలున్న గొట్టాలలోని వాయువు అయిపోయాక మంటలు లొంగాయి. సిలిండర్లు నిలిచాయి.

మునెప్పను మా ట్రక్కులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ట్రక్కుకు కట్టిన మామిడాకులు ఇంకా వేలాడుతున్నాయి. అతని తల నా ఒడిలో ఉంది. పెదవులు కదిలాయి. వంగాను.

"హారతి సగమే తీసుకొంటినప్పా. కండ్లకద్దుకోలే."

మర్నాడు పోయాడు.

నా చేతులు మానాయి. ఆ పోస్టింగ్ ముగించుకుని హిందూపురంలో మా అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె గుమ్మంలోనే ఆపింది. "ఉండబ్బీ, యుద్ధం చేసొచ్చినోనివి, దిష్టి తీస్తా." పళ్ళెంలో ఎర్రనీళ్ళు, మధ్యలో తమలపాకు మీద కర్పూరం. మూడుసార్లు తిప్పి నా ముందు పట్టింది.

"తీసుకో."

నా చేతులు లేవలేదు. కర్పూరం ఆరిపోయేదాకా అక్క అలాగే పట్టుకుని నిలబడింది. ఆ పళ్ళెం మీదికి వేరే చేతులు రెండు చాచి ఉన్నాయి, దోసిలి పట్టి, తెల్లగా. ఇప్పటికీ ఎక్కడ హారతి వెలిగినా నాకంటే ముందు అవే చాచుకుంటాయి. కళ్ళకద్దుకునేదాకా ఎన్నడూ రావు.