మార్తమ్మ కాలేయం, ఎలీశమ్మ పలావు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో సీనియర్ సర్జన్‌గా చేరాను. ఉద్యోగంలో అవే నా ఆఖరి ఏళ్లు. కాలేయం ఆపరేషన్లు నా విభాగం. మేడంకు మోకాళ్లు అరిగినయి గానీ కోపం అరగలేదని సిస్టర్లు నా వెనక అనుకునేవాళ్లు. నాకు చెవులు బాగానే పనిచేసేవి.

భద్రాచలం అవతలి ఊరి నుంచి మార్తమ్మ వచ్చింది. చర్చి పెళ్లిళ్లకు వంటలు చేసే మనిషి. బరువు నూరు కిలోలు ఎప్పుడో దాటింది. కాలేయం ఎడమ కొసన గడ్డ, కేన్సర్ కావచ్చని అనుమానం. ఆ కొసను కోసి తీసెయ్యాలి. దానికి దారులు రెండు. డొక్క కింద అడ్డంగా పెద్ద కోత పెట్టి చేసేది ఓపెన్ ఆపరేషన్. పొట్టలోకి గ్యాస్ నింపి, నాలుగైదు బెజ్జాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి చేసేది ల్యాప్రోస్కోపీ. లావు మనుషులకు పెద్ద కోత పెడితే కొవ్వులో చీము పట్టొచ్చు, కుట్లు విడిపోవచ్చు, తర్వాత హెర్నియా రావొచ్చు. అందుకని వాళ్లకు బెజ్జాల దారే మేలు. మెలిక ఏంటంటే, కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం కెమెరాకు అడ్డం పడుతుంది, ముట్టుకుంటే చిట్లి నెత్తురు కారుతుంది.

మార్తమ్మ ఒక్కటే అడిగింది, పెద్ద కోత పెడితే పెళ్లి వంటల గుండిగ ఎత్తొచ్చా అని. నెలల తరబడి కుదరదు, హెర్నియా వస్తే ఎప్పటికీ కష్టమే అన్నాను.

"గట్లయితే నన్నెవరు పిలుస్తరు మేడం? గుండిగ దించలేనిదాన్ని వంటమనిషంటరా?"

పాపం, ఆమె బతుకంతా ఆ గుండిగలోనే ఉంది. ఇలాంటివాళ్లను ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు పథ్యంలో పెడతాం. అన్నం, నూనె, తీపి బాగా తగ్గించి గుడ్లు, కూరగాయలు, మజ్జిగ మీద ఉంచితే కాలేయం చిక్కుతుంది. క్రైస్తవులు ఒట్టు పెట్టుకోకూడదంటారు కాబట్టి మార్తమ్మ రెండు చేతులూ ఎత్తి మాటిచ్చింది.

గడువు కాగానే స్కాన్ తీస్తే కాలేయం పిసరంత కూడా తగ్గలేదు. పైగా బరువు పెరిగింది! నాకు ఒళ్లు మండింది. ఏం తిన్నావని గద్దిస్తే, రోజూ ఉపవాసమే ఉన్నానంది, తనతోపాటు చర్చి సంఘమంతా ఉన్నారంది. అది అబద్ధమాడే మొహం కాదు. వెంట వచ్చిన ఎలీశమ్మ, వాళ్ల చర్చిలో స్త్రీల ప్రార్థన కూటానికి పెద్ద, అవ్ మేడం అంటూ వంత పాడింది.

నేనూ కూసుమంచి వైపు పాస్టరు గారి మనవరాలినే. చప్పున వెలిగింది. ఉపవాసం ఎప్పుడు విరమిస్తున్నారని అడిగాను. సాయంత్రం ప్రార్థన అయినాక అంది ఎలీశమ్మ. ఏం తిని?

"ఊకే పంపుతమా మేడం? రోజుకొకరింట్ల పెట్టుకుంటున్నం. పలావు, కోడికూర, సేమియా. ఆపరేషన్ మనిషి కదా, బలం ఉండాలని ఆమెకు కొసరి కొసరి వడ్డిస్తున్నం."

ఒక సంఘం మొత్తం కలిసి ఒక కాలేయాన్ని భక్తిగా మేపింది! నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

మత్తు డాక్టరు ఇక ఓపెన్ చేసేద్దామన్నారు. గ్యాస్ నింపితే అంత పొట్టా ఊపిరితిత్తుల మీదికి నెడుతుందని ఆయన భయం. పైగా అనుమానపు గడ్డ, ఎక్కువ ఆగడానికి లేదు. ఇంకో రెండు వారాలివ్వండి, అప్పటికీ చిక్కకపోతే పెద్ద కోతే అని ఒప్పించాను.

ఈసారి మార్తమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. ఎలీశమ్మను కూర్చోబెట్టి, మీ ప్రేమ ఇట్లాగే ఉంటే ఆమె గుండిగ బోర్లించినట్టే అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. "వడ్డించకుండ కూటం ఎట్ల ముగిస్తం మేడం?" అంది. న్యాయమైన ప్రశ్నే. వడ్డించండి, కానీ నేను చెప్పింది వడ్డించండి, అందరూ అదే తినండి అన్నాను. ఆ రెండు వారాలు సంఘమంతా ఉడికిన గుడ్డు, సొరకాయ కూర, పలచని మజ్జిగతో ఉపవాసం విరమించింది. కూటం చివర్లో పలావు కోసం తొంగిచూసే మగవాళ్లు మాత్రం కనిపించకుండా పోయారట.

ఈసారి స్కాన్‌లో కాలేయం కొంత చిక్కింది, మత్తు డాక్టరూ సరేనన్నారు. ఆపరేషన్ రోజు బెజ్జాల్లో పెట్టే పొడుగాటి గొట్టాలు తెప్పించాం, మామూలువి ఆమె పొట్ట మందం దాటవు. కెమెరా లోపలికి పోగానే కాలేయం అంచు సన్నగా కనబడింది. నా ప్రాణం లేచొచ్చింది. మధ్యలో ఒకచోట నెత్తురు చిమ్మింది. సిస్టర్ ఓపెన్ ఆపరేషన్ పనిముట్ల ట్రేను దగ్గరికి జరిపింది. అలాంటప్పుడు ఆగకపోతే పొట్ట తెరవడం ఓటమి కాదు, పద్ధతే అది. కానీ ఒత్తిపట్టి క్లిప్పు వేస్తే ఆగింది. కోసిన ముక్కను సంచిలో వేసి, పొత్తికడుపు మీద చిన్న గాటులోంచి బయటికి తీశాం. పరీక్షలో కేన్సరేనని తేలింది, కోసిన అంచులు మాత్రం కేన్సర్ లేకుండా శుభ్రంగా ఉన్నాయి. మర్నాడు మార్తమ్మ వార్డులో నడిచింది.

కొన్ని నెలల తర్వాత తల్లాడలో ఒక పెళ్లికి వెళ్తే, పొయ్యి మీంచి గుండిగ దించుతూ కనబడింది. ఇంకో మనిషి సాయం పట్టాలని అక్కడే అరిచాను. అరిచాను గానీ చాలా సంతోషమేసింది.

లావు రోగికి కోతా, బెజ్జాలా అన్నది సగం వంటింట్లోనే తేలుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పథ్యం చెప్పే రోజున రోగిని బయట కూర్చోబెట్టి, వడ్డించేవాళ్లను లోపలికి పిలిచాను.